బంగారం కొట్టు వెలుతురు

ఇంటికొచ్చినవాళ్ళు చూసి నోరెళ్ళబెట్టాలని కొనే వస్తువులంటే నాకు అసహ్యం. ఎవరూ వాయించని వీణ, ఎవరూ తెరవని పుస్తకాల బీరువా, దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ కవరు తొడిగిన సోఫా, అన్నీ అసహ్యమే. అన్నిటికంటే ఎక్కువ అసహ్యం గాజు తొట్టిలో చేపలు. హోటల్లో గానీ డాక్టరుగారి గదిలో గానీ అక్వేరియం కనిపిస్తే దానికి వీపు పెట్టి కూర్చుంటాను. ఎందుకో మా ఆవిడకి తెలుసు. మిగతావాళ్ళు, రొయ్యల మేత అమ్ముకుని బతికినవాడికి చేపలంటే పడకపోవడం ఏంటని నవ్వుతారు.

చేపలు నన్నేం చేశాయి పాపం. నా అసహ్యం నా మీదే. మా బాబాయ్ ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడాయన లేరు కాబట్టి రాస్తున్నాను. అది ఏపాటి ధైర్యమో చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. భీమవరంలో నాకు రొయ్యల మేత, చెరువు మందుల కొట్టు ఉండేది. కింద కొట్టు, పైన ఇల్లు. వ్యాపారం బాగా నడుస్తున్న రోజులు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మనిషికి ముందు వచ్చేది తెలివి కాదు, దురద. మద్రాసులో డీలర్ల మీటింగుకి వెళ్ళి, అక్కడి హోటల్లో సముద్రపు తొట్టి చూసి, అలాంటిది మా హాల్లో ఉండి తీరాలని పట్టుబట్టాను. మంచినీళ్ళ చేపలు మా ఊళ్ళో పదిళ్ళలో ఉన్నాయి. ఉప్పునీళ్ళ తొట్టి ఎవరికీ లేదు. నాకు కావలసింది అదే.

ఐదడుగుల తొట్టి. అందులో ఇసుక, సముద్రపు రాళ్ళు, రాళ్ళని అంటిపెట్టుకుని మెత్తటి పగడపు జీవాలు. కొన్ని పుట్టగొడుగుల్లా ఉంటాయి, కొన్ని చేతివేళ్ళలా విచ్చుకుంటాయి. చూడ్డానికి మొక్కలు, నిజానికి జంతువులు. వాటి ఒంట్లోనే కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు తిండి తయారుచేస్తుంది, దాంతో ఇవి బతుకుతాయి. అందుకని మేతకంటే వాటికి వెలుతురు ముఖ్యం. అన్నిటికీ నడుమ పళ్ళెమంత వెడల్పున అనిమోన్ ఒకటి. మా ఇంట్లో దాన్ని పువ్వు అనేవాళ్ళం. నారింజరంగు మీద తెల్లచారల చేపలు రెండు ఎప్పుడూ ఆ పువ్వు రేకుల్లోనే దొర్లుతూ ఉండేవి. పైన చెక్క మూతలో నాలుగు ట్యూబ్‌లైట్లు. మూడేళ్ళు ఆ నాలుగు ట్యూబుల కిందే అవన్నీ సుఖంగా బతికాయి. ఈ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను, తర్వాత తప్పించుకోడానికి లేకుండా.

తొట్టి నాది. దాన్ని బతికించింది మాత్రం బాబాయ్.

బాబాయ్ అంటే నాన్నగారి తమ్ముడు. పిన్ని పోయాక పక్కవీధిలో ఒక గదిలో ఉంటూ రెండుపూటలా మా ఇంట్లో భోంచేసేవారు. తొంభైల్లో మొగల్తూరు అవతల చెరువులు తవ్వించి టైగర్ రొయ్య వేశారు. మొదటి రెండు పంటలకీ చుట్టుపక్కల రైతులు ఆయన్ని అడగనిదే చెరువులోకి మేత విసిరేవారు కాదు. మూడో పంటకి తెల్లమచ్చ తెగులొచ్చింది. తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్య తేలింది. తెగులు అందరి చెరువుల్లోనూ వచ్చింది. అందరూ కొన్నాళ్ళకి లేచి మళ్ళీ వేసుకున్నారు. ఆయన లేవలేదు. చెరువులు అమ్మేశారు. ఆ తర్వాత ఆయన చెయ్యి పెట్టడానికి మిగిలిన నీళ్ళు నా తొట్టిలోవే.

చెయ్యి పెట్టడం అని ఊరికే అనలేదు. చెరువు రైతు నీళ్ళని కళ్ళతో చూసి ఊరుకోడు. మోచేతి దాకా ముంచి, వేళ్ళు ఎంత లోతులో మాయమవుతున్నాయో చూసి నీళ్ళకి రంగు ఏ మాత్రం ఉందో చెబుతాడు. ఆ తడివేలు నాలిక మీద పెట్టుకుని ఉప్పు చెబుతాడు. బాబాయ్ రోజూ పొద్దున్న టిఫిను కాగానే లుంగీ ఎగ్గట్టి, చెక్క మూత లేపి, చెయ్యి ముంచి, రుచి చూసి, "ముప్పై ఒకటిరా" అనేవారు. ఆయన వెళ్ళాక నేను దొంగచాటుగా ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూసేవాణ్ణి. ముప్పై ఒకటే ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎందుకు మండేదో అప్పట్లో నన్ను నేను అడగలేదు.

ఆయన మీద విరుచుకుపడటానికి నాకు దొరికింది చుట్ట.

"బాబాయ్, చుట్ట పట్టుకున్న చెయ్యి అందులో పెట్టకండి. పొగాకు విషం."

"కడుక్కునే పెట్టాన్రా."

"కడిగితే పోదండి అది."

ఆయన పెరట్లోకి వెళ్ళి, సబ్బు పెట్టి మోచేతుల దాకా మళ్ళీ కడుక్కుని, నాకు రెండు చేతులూ తిప్పి చూపించి, అప్పుడు ముంచేవారు. వారానికి రెండు మూడుసార్లు ఇదే తంతు. మూడేళ్ళలో ఆ చుట్ట వల్ల ఒక్క చేప చావలేదు.

సముద్రపు నీళ్ళు తెచ్చేది కూడా ఆయనే. మా కొట్టు వ్యాను మొగల్తూరు వైపు మేత వెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా ఖాళీ క్యాన్లు ఎక్కించుకుని పేరుపాలెం బీచికి పోయి, నడుంలోతు దిగి నింపుకొచ్చేవారు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో సముద్రం కూడా చప్పబడుతుంది. అప్పుడాయన నీళ్ళు నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, వ్యాను డ్రైవర్ని బతిమాలి ఇంకో పదిమైళ్ళు పోయి తెచ్చేవారు. నేను ఏనాడూ వెళ్ళలేదు. ప్యాంటు తడుస్తుందని.

ఇలా ఉండగా కాకినాడలో ఒక రొయ్యల ఎక్స్‌పోర్టరుగారి ఇంటికి పనిమీద వెళ్ళాను. ఆయన మొగల్తూరు దగ్గరే ఎనభై ఎకరాల చెరువులు లీజుకి తీసుకుంటున్నారు. గట్టు మీద ఉండి చూసుకోడానికి అనుభవమున్న మనిషి కావాలన్నారు. నేను బాబాయ్ సంగతి చెప్పాను. నీళ్ళు రుచి చూసి ఉప్పు చెబుతారంటే ఆయన ముచ్చటపడ్డారు.

"అయితే వచ్చే ఆదివారం భీమవరంలో పనుందండి. మీ ఇంటికే భోజనానికి వచ్చేస్తాను. పెద్దాయన్ని చూసినట్టూ ఉంటుంది" అన్నారు.

అక్కడితో లేచి వచ్చేస్తే నా బతుకు ఇంకోలా ఉండేది. లేస్తుంటే ఆయన హాల్లో ఉన్న తొట్టి చూపించారు. నాదాని కంటే చిన్నదే. కానీ పైన మెటల్ హాలైడ్ దీపాలు, ఎండంత వెలుతురిచ్చేవి. గోదావరిలో లోతు లేని చోట ఇసుక మీద ఎండ వలలాగా ఆడుతుందే, సరిగ్గా అలా ఆడుతోంది ఆ తొట్టి అడుగున వెలుతురు. నేను కళ్ళప్పగించి నిలబడిపోయాను.

"మీకూ ఉందన్నారు కదండి. ఏం లైట్లు?"

"ట్యూబులండి."

"ఓహో. పర్లేదులెండి, మొదట్లో అందరూ అవే."

ఆ పర్లేదులెండి నాకు రావులపాలెం దాటి ఇల్లు చేరేదాకా చెవిలో గింగురుమంటూనే ఉంది. బాబాయ్‌కి పని దొరకబోతోందన్న సంగతి ఆ గింగురులో ఎక్కడో అడుగున పడిపోయింది.

ఇంటికెళ్ళి చెప్పాను.  బాబాయ్ చేతిలో అప్పుడే వెలిగించిన చుట్ట ఆరిపోయింది.

"జీతం ఎంతైనా పర్లేదురా. గట్టు మీద గది ఉంటుందా?" అన్నారు చివరికి.

"ఉంటుందిట."

"అయితే చాల్రా" అని మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మాయ్, నా తెల్లచొక్కా ఒకటి గంజి పెట్టించమ్మా" అన్నారు. ఆదివారానికి ఇంకా వారం ఉంది.

ఆ వారంలో నేనేం చెయ్యాలి? ఆయన గురించి నాలుగు మాటలు కూడగట్టుకోవాలి. నేను చేసింది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం. ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, దీపాలు మార్చడం ఎలాగో నాలుగు పేజీలు ప్రింటు తీయించుకొచ్చాను. మొదటి వారం రోజుకి రెండు గంటలే వెలిగించాలనీ, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలనీ, లేకపోతే జీవాలు మాడిపోతాయనీ అందులో స్పష్టంగా ఉంది. చదివాను. నాకు అర్థం కాలేదని చెప్పుకోడానికి లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మద్రాసు నించి దీపాలు రావాలంటే పదిహేను రోజులన్నారు. అంత ఆగే ఓపిక లేదు. మా ఊళ్ళో బంగారం కొట్లకి, చీరల షోరూములకి లైట్లు బిగించే ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అతను తొట్టి చుట్టూ తిరిగి చూసి, "హాలైడే కదండి. గోల్డ్ షాపులకి వేసేవే. రేపు బిగించేస్తాను, ఆయ్" అన్నాడు. అన్నట్టే సోమవారం మధ్యాహ్నానికి చెక్క మూత ఊడదీసి, ట్యూబులు పీకి, నగల మీద కొట్టే దీపాలు రెండు నా సముద్రం మీద వేలాడదీశాడు. ఒక్కో దీపానికీ కింద మందపాటి గాజు పలక ఉంది.

వెలిగించగానే హాలంతా పట్టపగలైంది. ఇసుక మీద వల ఆడింది. ఒప్పుకుంటాను, అందంగానే ఉంది. పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. కింద కొట్లో మేత కొనడానికి వచ్చిన రైతుల్ని కూడా పైకి తీసుకొచ్చి చూపించాను. వాళ్ళు చెప్పులు విప్పి, గుడికి వచ్చినట్టు చేతులు కట్టుకుని చూసిపోయారు. నాకు సిగ్గేయలేదు.

బాబాయ్ సాయంత్రం వచ్చారు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఎండ ఎక్కువైందిరా."

"ఎండేంటి బాబాయ్. వాటికి ఇలాంటి వెలుతురే కావాలి."

"కావాలిరా, కాదనను. అలవాటు చెయ్యాలి కదా. హేచరీ నించి రొయ్యపిల్లొస్తే ఏం చేస్తాం? కవరు విప్పి గభాలున చెరువులో పోసేస్తామా? కవర్లు నీళ్ళ మీద తేలేసి ఆగుతాం, ఆ వేడికీ ఈ వేడికీ సద్దుకోవాలని. వెలుతురైనా అంతేరా. ఓ గోనెపట్టా కప్పు నాలుగు రోజులు."

నా జేబులో ఉన్న నాలుగు పేజీల సారం ఆయన ఒక్క గోనెపట్టాలో చెప్పేశారు. దానికి నేనేమన్నానో రాయాలంటే ఇప్పుడు కూడా నాలిక చేదెక్కుతుంది. "ఇంత పోసి కొన్నది గోనెపట్టా కప్పుకోడానికా? ఇది మీ మొగల్తూరు చెరువు కాదండి" అన్నాను.

"తాతకి దగ్గులు నేర్పుతున్నావురా" అని నవ్వి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, రుచి చూసి, వెళ్ళిపోయారు.

మంగళవారం దీపాల కింది గాజు పలకల మీద ఉప్పుతుంపర ఎండి తెల్లగా మసకేసింది. తుడిస్తే పోయింది, గంటలో మళ్ళీ వచ్చింది. ఇసుక మీద వల పలచబడింది. ఎలక్ట్రీషియన్ని మళ్ళీ పిలిచి ఆ పలకలు తీసెయ్యమన్నాను.

"గాజు ఉండాలండి. ఆ బల్బుల్లోంచి చెడ్డ కిరణాలు వస్తాయి, గాజు ఆపుద్ది. కొట్లలో కూడా గాజు లేకుండా వెయ్యమండి. సేల్స్‌మెన్లకి ఒళ్ళు కాలిపోద్ది" అన్నాడతను.

"మనుషులకి కదా. ఇవి నీళ్ళలో ఉన్నాయి. తీసెయ్."

తీసేశాడు. రెండు పలకలూ పాత న్యూస్‌పేపర్లో చుట్టి బీరువా మీద పెట్టాడు. ఆ మధ్యాహ్నం హాల్లో కూర్చుని చిక్కుళ్ళు ఏరుకుంటున్న మా ఆవిడ, "కళ్ళు మండుతున్నాయండీ. ఆ గాజులెందుకు తీయించారు?" అంది. వంటింట్లో ఉల్లిపాయల ఘాటేమో అన్నాను. ఆవిడ ఆ పూట ఉల్లిపాయ తరగనేలేదు.

బుధవారానికి పువ్వు ముడుచుకుంది. గురువారానికి దాని లేత గోధుమరంగు పోయి, పాలిపోయిన తెలుపు వచ్చింది. చారల చేపలు రెండూ దాని చుట్టూ తిరుగుతున్నాయి గానీ లోపలికి వెళ్ళడం లేదు. దీపాలు ఆపాలని నాకు తెలుసు. ఆదివారం ఇంక మూడు రోజులే ఉంది. అప్పటిదాకా ఎలాగోలా ఉంటే చాలు అనుకున్నాను. ప్రాణం ఉన్నదాన్ని చూసి, ఆదివారం దాకా ఉంటే చాలు అనుకున్నాను.

బాబాయ్ మాత్రం ఆ తెలుపు చూసి కదిలిపోయారు. తెలుపంటే ఆయనకి చెరువు గట్టే గుర్తొస్తుంది. "గోనెపట్టా, గోనెపట్టా" అని రెండుసార్లు అన్నారు. నేను విసుక్కున్నాను. మూడోసారి అనలేదు.

శుక్రవారం నాటికి వాసన మొదలైంది. కుళ్ళిన గుడ్డూ, నత్తలు చచ్చిన బురదా కలిసినట్టుండే వాసన. శనివారం నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా మసకబారాయి. ఉన్న క్యాన్ల నీళ్ళన్నీ మార్చాను. సాయంత్రానికి మళ్ళీ మసక. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆదివారం వంటకి సరుకులు సర్దుకుంటోంది. మర్నాడు పొద్దున్నే సాంబ్రాణి వేసింది. సాంబ్రాణీ ఆ కంపూ కలిసి ఇంకా ఘోరమైన మూడో వాసన పుట్టింది. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ ఆదివారం మా ఇల్లు సరిగ్గా అదే.

ఎక్స్‌పోర్టరుగారు పన్నెండింటికి వచ్చారు. బాబాయ్ గంజి పెట్టిన తెల్లచొక్కాలో, జేబులో చుట్ట లేకుండా, పదకొండు నించే కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చెరువుల గురించి మాట్లాడుకోవడం మొదలెట్టారు. పావుగంట బ్రహ్మాండంగా నడిచింది. ఏ తూము ఎటు పెట్టాలో, ఆ నేలలో సున్నం ఎంత వెయ్యాలో బాబాయ్ చెబుతుంటే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. నాకు తెలిసి ఆ పదేళ్ళలో బాబాయ్ అంత బాగా మాట్లాడిన రోజు లేదు.

నేను ఉండబట్టలేక, "మా తొట్టి చూడండి" అన్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, రెప్పపాటులో వచ్చింది. హాలైడ్ దీపం ఆరితే చల్లారేదాకా మళ్ళీ వెలగదు. పది నిమిషాలు చీకటి తొట్టి ముందు నిలబడ్డాం. వాసన మాత్రం వస్తూనే ఉంది. ఎక్స్‌పోర్టరుగారు జేబురుమాలు తీసి మర్యాదగా మూతి తుడుచుకుంటున్నట్టు ముక్కు మూసుకున్నారు. అప్పుడు దీపాలు మెల్లగా, ఒక్కో మెట్టే, వెలుతురు తెచ్చుకున్నాయి. తెల్లటి కుడితిలాంటి నీళ్ళు. పైన నురగ. అడుగునించి ఊడిపోయిన పువ్వు, చీమిడి ముద్దలాగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ నీళ్ళలో తిరుగుతోంది. ఒక చేప వెల్లకిలా తేలింది. రెండోది నీటి పైన నోరు తెరిచి గుటకలు మింగుతోంది. 

బాబాయ్ ముందుకొంగి చూశారు. "కంగారు పడకురా. రంగు కడుతోంది" అన్నారు. తర్వాత అతిథికి చెబుతున్నట్టు, కాస్త గర్వంగానే, "నీళ్ళు మరీ తేటగా ఉన్నాయండి. ఎండ అడుగుదాకా కొట్టేస్తోంది. అందుకని శుక్రవారం పొద్దున్న తవుడూ బెల్లం నీళ్ళు ఒక్క గ్లాసు పోశాను. రంగు కడితే నీడ వస్తుంది కదండి" అన్నారు.

చెరువులో అది నిజం. తేటనీళ్ళ చెరువు ఎండకి మాడిపోతుంది. తవుడూ బెల్లం వేస్తే నీళ్ళకి పచ్చటి రంగొచ్చి అడుగున ఉన్న రొయ్యకి గొడుగు పట్టినట్టు ఉంటుంది. నేను గోనెపట్టా కప్పనివ్వలేదు కాబట్టి, ఆయన తనకి తెలిసిన నీడ వెయ్యబోయారు. గాజు తొట్టిలో అది రంగు కట్టదనీ, నీళ్ళని మసకబారుస్తుందనీ ఆయనకి తెలియదు. తెలిసిన నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు వచ్చింది ఒక్కటే, నెపం వెయ్యడానికి మనిషి దొరికాడన్న ఊరట. దాన్ని కోపం అనుకున్నాను.

"తవుడు పోశారా? ఇందులో తవుడు పోశారా? ఉన్న చెరువులు చంపుకున్నది చాలక ఇది కూడా చంపారా?" అని అరిచాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. బాబాయ్ నా మొహంలోకి చూడలేదు. తన చేతిని చూసుకున్నారు. ఎక్స్‌పోర్టరుగారు ఆ చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

భోజనాలు చేశామనిపించాం.  వెళ్తూ మెట్ల మీద ఎక్స్‌పోర్టరుగారు, "పెద్దాయన మంచివారేనండి. చూద్దాం, ఫోన్ చేస్తాను" అన్నారు. బాబాయ్ పెరటి గుమ్మం గుండా అప్పటికే వెళ్ళిపోయారు.

సాయంత్రం తొట్టి ఖాళీ చెయ్యడానికి కూర్చున్నాను. నీళ్ళు పైపుతో తోడేసి, ఒక్కో రాయీ పైకి తీశాను. రాళ్ళ పైభాగాన దీపానికి ఎదురుగా ఉన్నదల్లా సుద్దముక్కలా తెల్లగా మాడిపోయి ఉంది. రాయి తిప్పితే, అదే రాయికి అడుగువైపు, నీడలో, పుట్టగొడుగుల్లాంటివి గోధుమరంగులో నిండుగా, బతికి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, ప్రతి రాయీ అంతే. బెల్లం నీళ్ళు ఎండా నీడా చూసి చంపవు. తొట్టి నిండా ఒకేలా కలిసిపోతాయి. ఆయన గ్లాసు పోసేనాటికి ముందురోజే పువ్వు తెల్లబడి ఉంది. అది నేను కళ్ళారా చూశాను.

చేతులు మోచేతుల దాకా జిగట. ఎంత కడిగినా ఆ కంపు పోలేదు. మా ఆవిడ న్యూస్‌పేపర్లో చుట్టిన గాజు పలకలు రెండూ పట్టుకొచ్చి నా పక్కన నిలబడింది.

"ఇవి ఎక్కడ పెట్టమంటారండీ?"

 "అటక మీద పడెయ్" అన్నాను.

ఫోను రెండడుగుల దూరంలో ఉంది. కాకినాడకి ఒక్క ఫోను చేసి, తప్పు మా బాబాయ్‌ది కాదండి, నేను గాజు తీయించి వేయించిన దీపాలది అంటే సరిపోయేది. అంటే, బంగారం కొట్టు దీపాలు తెచ్చి సముద్రం మీద వేలాడదీసిన వెర్రివాణ్ణి నేనేనని, ఆ పర్లేదులెండి అన్న మనిషికి నా నోటితో నేను చెప్పుకోవాలి. రేపు చేద్దాం అనుకున్నాను. గురువారం ఆయనే ఫోన్ చేశారు. నరసాపురం వైపు మనిషి ఎవరో కుదిరాడట. "మీరేమీ అనుకోకండి" అన్నారు. "అబ్బే, ఏముందండి" అన్నాను.

బాబాయ్ ఆ ఆదివారం మర్నాటినించీ భోజనానికి రాలేదు. క్యారేజీ పంపించమని కబురు చేశారు. పంపించాం. ఖాళీ గిన్నెలు కడిగి తిప్పి పంపేవారు.

రెండో వారం చివర్లో ఒక పొద్దున్న కొట్టు తెరుస్తుంటే వచ్చారు. మా వ్యాను ఆ వైపు వెళ్ళి చాలా రోజులైంది. ఆయన బస్సులో పేరుపాలెం వెళ్ళి, రెండు క్యాన్ల సముద్రపు నీళ్ళు బస్సులోనే వేసుకుని, స్టాండు నించి రిక్షాలో తెచ్చారు. లుంగీ నడుందాకా తడిసి ఉంది. క్యాన్లు అరుగు మీద పెట్టి, పైకి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డారు.

"చుట్ట మానేశాన్రా" అన్నారు.

నేను కొట్టు తాళం తీస్తూనే ఉన్నాను.

"పదకొండు రోజులైంది. ఆలోచించాన్రా. తవుడూ బెల్లంతో అన్నీ చావవు. ఎన్ని చెరువుల్లో వేశాను, నాకు తెలీదా? ఆ పొగాకు విషమే అయ్యుంటుంది. నువ్వు మొదట్నించీ చెప్తూనే ఉన్నావు, నేనే వినలేదు." రెండు చేతులూ చాపి, ఇదివరకటిలాగే తిప్పి చూపించారు. "వాసన చూడు, లేదు. మళ్ళీ మొదలెట్టు. నీళ్ళు ముప్పై రెండున్నాయి."

నిజం నా నోటిదాకా వచ్చింది. అటక మీద గాజు పలకలున్నాయి. మెట్లెక్కించి చూపిస్తే చాలు, తవుడు కాదు, చుట్ట కాదు, నేనని.

"ఆ పనేదో ముందే చేసుంటే బాగుండేది బాబాయ్" అన్నాను.

ఆయన తలూపారు. "అంతేరా" అన్నారు. చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఆ నీళ్ళు రెండు రోజులు అరుగు మీదే ఉంచి, తర్వాత మురుక్కాలవలో పోసేశాను. తొట్టి, దీపాలు ఎవరో అడిగితే ఇచ్చేశాను. బాబాయ్ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు. నెల తిరక్కుండానే మళ్ళీ మా ఇంటికి భోజనానికి రావడం మొదలెట్టారు, నాతో ఎప్పటిలాగే మాట్లాడారు, కోపం ఉన్నట్టు ఏనాడూ కనపడలేదు. చుట్ట మళ్ళీ ముట్టలేదు. ఒకసారి మా రైతు ఒకాయన బాబాయ్‌ని చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళి, "మీరు ఓసారి చెయ్యి పెట్టి చూడండి" అని అడిగితే, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "మావాణ్ణి అడగండి, వాడికి తెలుసు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి ముంచాను.